సాక్ష్యంలో లేని మాట

ఉక్కు కర్మాగారంలో మొదటి షిఫ్టు దిగి, సైకిలు తోసుకుంటూ కార్మికుల క్యాంపు సందులోకి మళ్లిన పోలయ్యకు ముందుగా వినిపించినవి తన మాటలే.

"ఆ దినం నాను మనిసిని కాదు. నా కడుపులో సారా ఉంది. ఆ సారాలో సాతానుంది."

గొంతు మాత్రం తనది కాదు; సన్నని ఆడపిల్ల గొంతు. కుళాయి పక్కనున్న సిమెంటు పలక మీద పిల్లలు కొందరు ప్రార్థన కూటానికి వచ్చినట్టు బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. వాళ్ల ఎదుట అతని కూతురు ఛాయ నిలబడి ఉంది. భుజాన ఒక తువ్వాలు వేసుకుని, మాటకొకసారి దాని కొసతో మొహం తుడుచుకుంటోంది. కూటంలో జనం ముందు సాక్ష్యం చెప్పేటప్పుడు తాను అలా తుడుచుకుంటానన్న సంగతి పోలయ్యకు అప్పుడే తెలిసింది. ఛాయకు కొంచెం ఇవతల పక్కింటి పిల్ల గొంతుక్కూర్చుని, తుప్పు పట్టిన డబ్బాలోంచి లేని గంజిని వారుస్తోంది.

"పొయ్యికాడున్న కట్టె తీసినాను. ఇలాగ," అంటూ ఛాయ చెయ్యెత్తింది. చేతిలో కట్టె లేదు. కానీ పిడికిలి బిగువులో ఉంది. గంజి వారుస్తున్న పిల్ల ఎడమచెయ్యి అడ్డం పెట్టి వెనక్కి ఒరిగింది. "జోర్‌సే రో నా," అని గుంపులోంచి ఎవరో హిందీలో పురమాయించారు. ఆ పిల్ల జోరుగానే ఏడ్చింది. పిల్లలందరూ చేతులెత్తి ఒక్క గొంతుతో స్తోత్రం అన్నారు. ఆ భాగం అక్కడితో అయిపోయింది గనక, తరవాత నవ్వారు.

నీళ్లకోసం నిలబడ్డ ఆడవాళ్లంతా అటే చూస్తున్నారు. అచ్చమ్మ ఒక్కతే చూడటం లేదు. ఆమె వంతు వచ్చింది. కుళాయి కింద బకెట్టు పెట్టి, లోపల పైకి లేస్తున్న నీటినే చూస్తోంది. ఏప్రిల్ ఎండలో కూడా ఆమె రవిక చేతులు మణికట్టు దాకా ఉన్నాయి. వెనకనున్న నూకమ్మ నవ్వాపుకోలేక, "నీ కూతురు అచ్చు ఆల్ల బాబేనే అచ్చమ్మా. నీ పాత్ర మట్టుకు ఆ పిల్లకి సరిగ్గా రాడంనేదు. నువ్వే నేర్పకూడదేటి," అంది. అచ్చమ్మ బకెట్టు ఎత్తి పక్కన పెట్టి, రెండోది కుళాయి కింద పెట్టింది. ఆమె మొహంలో కోపమేమీ లేదు. ఎప్పుడూ వచ్చే వాన మళ్లీ వచ్చినప్పుడు మనుషులు తల వంచుకునే తీరులో ఆమె తల వంచుకుంది.

పోలయ్య సైకిలు గంట కొట్టాడు. పిల్లలు చెల్లాచెదరయ్యారు. ఛాయ తువ్వాలు తీసి అతనికే అందించింది. అది అతనిదే.

ఇంట్లోకి వచ్చాక కూతురిని మందలించాలని అతను రెండుసార్లు నోరు తెరిచాడు. మూడోసారి తెరిచేలోగా ఛాయే అడిగింది. "నాన్నా, తప్పు చెప్పేనా? నాకు సబ్ కుఛ్ యాద్ హై. కట్టెకి ఒక పక్క బెరడు లేదు, గంజిలో రెండు మెతుకులు తేల్తన్నాయి, తరవాత అమ్మ అరిచింది. ఏమైనా ఛూట్ గయా క్యా?"

ఏమీ వదిలిపోలేదని పోలయ్య ఒప్పుకోవలసి వచ్చింది.

*

ఆ సాయంకాలమే బలరాం వచ్చాడు. ఆయన చరోదా యార్డులో గూడ్సుబండి గార్డు. పేరు బలరామే అయినా తాతల నాటినుంచీ క్రైస్తవ కుటుంబం. క్యాంపులో బుధవారం ప్రార్థన జరిగేది ఆయన ఇంట్లోనే. తొమ్మిదేళ్లనాడు పోలయ్య చెయ్యి పట్టుకుని తాగుడు మాన్పించి, బాప్తిస్మానికి తీసుకువెళ్లింది కూడా ఆయనే. పోలయ్య ఆయన ముందు మంచం మీద కూర్చోడు. ఆ రోజూ కింద చాప మీద కూర్చున్నాడు.

ఆదివారం ఖుర్సీపార్ మైదానంలో పెద్ద కూటం ఏర్పాటైంది. విశాఖపట్నం నుంచి ప్రసంగీకుడు వస్తున్నాడు. ఆయన మాట్లాడే ముందు పోలయ్య సాక్ష్యం ఉండాలని బలరాం నిర్ణయించాడు. నందిని గనుల కాలనీలో పోయిన ఏడాది పోలయ్య చెప్పిన సాక్ష్యం విని ముగ్గురు మనుషులు తాగుడు మానేశారనీ, అందులో ఒకతని భార్య మొన్న రైల్లో కనిపించి తన కాళ్లకు దణ్ణం పెట్టిందనీ చెబుతూ ఆయన కళ్లు తుడుచుకున్నాడు. అది అబద్ధం కాదు. ఆ ముగ్గురినీ పోలయ్య ఎరుగును.

"వాక్యం చెబితే చెవిలోకి పోతుంది తమ్ముడూ. జరిగింది చెబితే కడుపులోకి పోతుంది. నిజానికున్న బలం అది," అన్నాడు బలరాం. కొంత ఆగి, గొంతు తగ్గించి తన ఆలోచన చెప్పాడు. ఈసారి అచ్చమ్మ కూడా వేదిక మీదికి వచ్చి భర్త పక్కన నిలబడాలి. ఆమె ఏమీ మాట్లాడనక్కరలేదు. పోలయ్య గంజి పడిన మాట చెప్పే సమయానికి రవిక చెయ్యి పైకి లాగి, ఆ మచ్చ ఒక్కసారి జనానికి చూపిస్తే చాలు. ఏ ప్రసంగమూ అంత పని చెయ్యదు.

అచ్చమ్మ టీగ్లాసులు పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. ఆ మాటలన్నీ ఆమె విన్నది. గ్లాసు బలరాం చేతికిచ్చి, పంచదార సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందమ్మా అన్నాడాయన. ఆమె కాదనకపోవడాన్ని ఆయన అంగీకారం కింద తీసుకున్నాడు. ఆయనను సాగనంపి పోలయ్య కూడా అలాగే తీసుకున్నాడు. కుళాయి దగ్గర చూసినది మాత్రం, గుచ్చుకుని కనిపించని ముల్లులా, అతన్ని సలుపుతూనే ఉంది.

*

బొగ్గును కోకుగా మగ్గించే కోక్ ఓవెన్ల దగ్గర పోలయ్య పని తలుపులది. మగ్గిన కోకును తోసివేయడానికి ఓవెన్ తలుపు తీసినప్పుడల్లా, దాని చట్రం అంచున తారు గట్టిపడి ఉంటుంది. యంత్రం తలుపును మళ్లీ బిగించేలోగా ఆ తారును పొడవాటి ఇనుపకమ్మీతో గీకివెయ్యాలి. గీకడం సరిగా లేకపోతే తలుపు అంటుకోదు. సందులోంచి పసుపుపచ్చని పొగ కక్కుతుంది. అప్పుడు తడిమట్టి మెత్తి ఆపుతారు. అడుగునున్న తారు పోకుండా పైన మట్టి మెత్తితే అది వేడికి బీటలిచ్చి రాలిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు గీకడానికి బద్ధకించి మట్టే ఎక్కువ మెత్తుతారు. పోలయ్య అలా చేసేవాడు కాదు. కాళ్లకు చెక్కచెప్పులు, మొహానికి తడిగుడ్డ, మోచేతుల దాకా గోనె చుట్లు. ఆ వేషంలో అతను మండే చట్రం ముందుకు పోయి, నాలుగు గీతలు గీకి, వెనక్కి వచ్చి ఊపిరి పీల్చుకుని, మళ్లీ పోయేవాడు.

శుక్రవారంనాడు పదిగంటల విరామంలో గురునాథరావు అక్కడికి వచ్చాడు. ఆయన ప్రయోగశాలలో కెమిస్టు. కోకు నమూనాలకోసం డబ్బా పట్టుకుని స్వయంగా రావడం ఆయనకు అలవాటు. క్యాంపులో బలరాం ఇంటి పక్క వాటా ఆయనది. దేవుడి ఊసెత్తడు, ఎత్తినవాళ్లతో వాదించడు. మధ్యగోడ పలచనిది గనక ప్రతి బుధవారం ప్రార్థన ఆయనకు ఇష్టం ఉన్నా లేకున్నా వినిపిస్తుంది.

పోలయ్య పక్కనే ఇనుపపెట్టె మీద కూర్చుని, డబ్బా మూత బిగిస్తూ ఆయన అన్నాడు: "ఒక సందేహం పోలయ్యా. ఎగతాళి అనుకోకు. నీ సాక్ష్యం చాలాసార్లు విన్నాను. బాగా చెబుతావు. కట్టెకు ఒకవైపు బెరడు ఊడిందంటావు. గంజిలో రెండు మెతుకులు తేలుతున్నాయంటావు. ఎప్పుడు చెప్పినా అవి రెండే, మూడు కావు. అంత తాగి ఉన్నవాడికి ఆ మెతుకులు ఎలా కనిపించాయి?"

"దేముడు గుర్తు సేసినాడండి," అన్నాడు పోలయ్య. ఇలాంటి ప్రశ్నలకు ఆ జవాబు సిద్ధంగా ఉంటుంది.

"చేసి ఉండవచ్చు. ఆయనతో నాకు పరిచయం లేదు. నీతో ఉంది గనక నిన్నడిగాను," అని గురునాథరావు చిన్నగా నవ్వి, డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. ఆయన మాటలో విరుపేమీ లేదు. నమూనాలో తేడా కనిపిస్తే ఆయన అడిగే పద్ధతే అది.

పోలయ్య మళ్లీ కమ్మీ అందుకున్నాడు. తలుపు ఊడింది, ఎర్రని గోడ కనిపించింది. గీకుతూ అతను తాగి ఉన్న వేరే రోజులను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. బావమరిదితో కలియబడి పన్ను ఊడగొట్టుకున్నాడు. ఆ కొట్లాట ఎలా మొదలైందో బావమరిది చెబితేనే తెలిసింది. ఛాయ పుట్టిననాడు ఎక్కడ పడిపోయాడో మోసుకొచ్చినవాళ్లు చెబితేనే తెలిసింది. తాగిన రోజులన్నీ ఇతరులు చెప్పినవే. ఈ ఒక్క రోజు గురించి మాత్రం ఎవరూ చెప్పనక్కరలేదు. కట్టె బరువు, పిడికిట్లో గుచ్చుకున్న పేడు, మూత సందులోంచి లేస్తున్న ఆవిరి, ఆవిరికి అచ్చమ్మ కళ్లు చిట్లించిన తీరు. అన్నీ తనంతట తనకు తెలుసు.

తలుపు బిగిసింది. కింది అంచున పసుపుపచ్చని పొగ సన్నగా వస్తోంది. ఫోర్‌మన్ కేక వేసేవరకు పోలయ్య దాన్ని చూడలేదు.

*

ఆ సాయంకాలం అచ్చమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఛాయ పక్కింట్లో చదువుకుంటోంది. పోలయ్య గోడకు ఆనుకుని కూర్చుని, ఆదివారం సంగతి ఎత్తాడు. బలరాంగారు అడిగినది ఆమెకు ఇష్టమేనా అన్నాడు. తొమ్మిదేళ్లలో సాక్ష్యం గురించి ఆమె ఇష్టం అడగడం అదే మొదటిసారి.

అచ్చమ్మ వేళ్లు ఆగలేదు. "నన్ను పైకెక్కి సెయ్యి సూపించమంటే సూపిత్తాను. సూపించినాక ఎవులైనా అడిగితే నాకు తెలిసింది సెప్తాను," అంది.

ఏం చెబుతావని అతను అడిగేలోగా ఆమే చెప్పింది.

"ఆ దినం నువ్వు తాగనేదు."

అతను తాగాననే అన్నాడు. అప్పట్లో తాగని రోజంటూ ఉండేదా అన్నాడు. ఆ మాటలు తన చెవికే బుధవారం మాటల్లా వినిపించాయి.

"నీ నోటివాసన నాకు తెల్దేటి? ఎన్ని దినాలు మోసినాను ఆ వాసన. ఆ దినం నీ మీద సిమెంటు వాసనొచ్చింది. కాంక్రీటు పోసే పనిలోంచి తిన్నగా ఇంటికొచ్చినావు. మంచినీల్లడిగితే ఇచ్చినాను. చెంబు ఖాళీ సేసి, కడిగి బోర్లించినావు కూడాను. అన్నం ఇంకా అవనేదా అన్నావు. వారస్తన్నాను కదా అన్నాను. అంతే."

చెంబు. పోలయ్య చెంబును మరిచిపోయాడు. అది సాక్ష్యంలో లేదు. ఆమె అనగానే తన చేతిలో దాని తడి అతనికి తగిలింది. చెంబు కడిగి బోర్లించగలిగినంత తెలివి ఉన్న మనిషి, ఆ చేత్తోనే కట్టె తీసుకున్నాడు.

మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అతను తల ఎత్తకుండానే అడిగాడు. అచ్చమ్మ చేట పక్కన పెట్టింది. మొదట్లో చెప్పకపోవడానికి కారణం ఉందంది. దేవుడి పేరు మీద అతను తాగుడు మానేశాడు. ఆ మాటకు అడ్డం వస్తే ఎక్కడ మళ్లీ మొదలుపెడతాడోనని భయపడింది. తరవాత తరవాత, సారాయే చేయించిందేమోనని తనకు తాను నచ్చజెప్పుకోడానికి చూసింది. అదీ కుదరలేదు.

"తాగుడు మానీసినావు. మంచిదే. నువ్వు సెడ్డోడివని నాననను. గానీ తాగకుండా సేసిన పనికి తాగుడు మానీస్తే ఏటి లాబం? నీ సాచ్చికం ఇన్నోలంతా అచ్చమ్మకి ఇంక బయం నేదనుకుంటారు. నువ్వు గొంతు పెంచినప్పుడల్లా నా సెయ్యి దానంతటదే పైకొస్తాది. ఎప్పుడైనా సూసినావేటి?"

పోలయ్య చూడలేదు. తొమ్మిదేళ్లుగా జనం మొహాలు చూశాడు. వాళ్ల కళ్లలో నీళ్లు ఎప్పుడొస్తాయో అతనికి తెలుసు; ఏ మాట దగ్గర ఆగాలో, ఎక్కడ తువ్వాలు తీయాలో తెలుసు. ఆడవాళ్ల వరసలో మూడో మనిషో నాలుగో మనిషో అయి కూర్చున్న భార్య ఆ వేళ ఏం చేస్తుందో తెలియదు. తల దించుకుని ఉంటే ప్రార్థనలో ఉందనుకున్నాడు.

ఆ రాత్రి భోజనం దగ్గర అతను కూర అడగడానికి కూడా గొంతు తగ్గించాడు. అది చూసి ఛాయ, నాన్నకి తబియత్ బాగులేదా అని తల్లిని అడిగింది.

*

శనివారం షిఫ్టు దిగగానే అతను చరోదా వెళ్లాడు. బలరాం డ్యూటీకి బయలుదేరుతున్నాడు; గార్డు పెట్టె ఎత్తించి, యార్డు గేటు పక్కన నిలబడి ఉన్నాడు. పోలయ్య చెప్పదలచినది చెప్పడానికి చాలాసేపు పట్టింది. బలరాం మధ్యలో అడ్డు రాలేదు. విన్నాక టోపీ తీసి, లోపల చెమట తుడుచుకున్నాడు. ఆ నల్లకోటులో ఆయన ఆ రోజు ఎన్నడూ లేనంత ముసలివాడిలా కనిపించాడు.

ఇది ఎవరికి తెలుసని మొదట అడిగాడు. అచ్చమ్మకు తెలుసన్నాడు పోలయ్య. మరి ఆ మాట వదిలేస్తే సరిపోతుంది కదా అన్నాడు బలరాం. తాగానని చెప్పవద్దు, తాగలేదనీ చెప్పవద్దు. ఆ సూచన ఆయనకే నచ్చినట్టు లేదు. టోపీ మళ్లీ పెట్టుకున్నాడు.

"నిన్ను అబద్ధమాడమనడం లేదు తమ్ముడూ. నా కష్టం వేరు. రేపు ఆ మైదానంలో తాగేవాళ్లు వంద మంది కూర్చుంటారు. తాగుడు వల్ల చేశాను, తాగుడు పోయింది, మనిషినయ్యాను అంటే వాళ్లకు దారి కనిపిస్తుంది. తాగకుండా చేశానంటే, మరి రక్షణ దేన్నుంచి? వాళ్లకేం చెప్పను?"

ఆ ప్రశ్న తనకూ ఉందన్నాడు పోలయ్య. అప్పటికి ఇంజను కూత వేసింది. బలరాం అతని భుజం మీద చెయ్యి వేసి, నీ ఇష్టం, ప్రార్థన చేసుకో అని బండి వైపు నడిచాడు.

తిరుగుదారిలో పోలయ్య ప్రార్థన చేసుకోడానికి చూశాడు. ఎప్పుడు కళ్లు మూసుకున్నా తాగుబోతు పోలయ్యను క్షమించమని అడగడమే అతనికి అలవాటు. ఆ పోలయ్యకు క్షమాపణ ఎప్పుడో దొరికింది. చెంబు కడిగి బోర్లించినవాడు ఇంతవరకు ఒక్కసారి కూడా దేవుడి ముందుకు రాలేదు.

*

ఖుర్సీపార్ మైదానంలో టార్పాలిన్లు పరిచారు. ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. చిమ్నీల మీది పొగ పశ్చిమాన ఎర్రబడుతోంది. ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు, మధ్యన దారి. చెక్కబల్లలు చేర్చిన వేదిక మీద మైకు, రెండు కుర్చీలు. ప్రసంగీకుడు ఒక కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆడవాళ్ల వెనక వరసల్లో, మతంతో సంబంధం లేకపోయినా, పోలయ్య కథ వినడానికే వచ్చిన హిందూ కుటుంబాలు కూడా ఉన్నాయి. నూకమ్మ వచ్చింది. మైదానం అంచున సైకిలు ఆన్చుకుని గురునాథరావు నిలబడి ఉన్నాడు.

పాట అయ్యాక బలరాం పోలయ్య పేరు పిలిచాడు. అచ్చమ్మ పేరు పిలవలేదు. అయినా ఆమె తన చోటునుంచి లేచి వచ్చి, వేదిక ఎక్కకుండా, మెట్టు దగ్గర నిలబడింది. ఎందుకు వచ్చిందో పోలయ్యకు తెలుసు. చెయ్యి చూపిస్తాను, అడిగితే చెబుతాను అంది. ఆమె అన్న మాట మీద నిలబడే మనిషి.

మైకు పట్టుకోగానే మాటలు వాటంతట అవే వచ్చాయి. ఊరు, రైలు, క్యాంపులో గుడారాలు, ఇప్పసారా, మొదటి సీసా. తొమ్మిదేళ్లుగా అరిగి నునుపు తేలిన మాటలు. ఏ మాటా తరవాతి మాటను వెతుక్కోనక్కరలేదు. జనం అప్పుడే ముందుకు వంగుతున్నారు. చెయ్యి తువ్వాలు దాకా వెళ్లింది. ఆ చెయ్యిని చూసి పోలయ్య ఆగిపోయాడు. తువ్వాలు తీసి కుర్చీ మీద పెట్టాడు.

"ఆ దినం..." అని మొదలుపెట్టి మళ్లీ ఆగాడు. వేదిక కింద ముందు వరసలో కూర్చున్న పిల్లల పెదవులు, అతనికంటె ముందే, తరవాతి మాటకు కదులుతున్నాయి.

"ఆ దినం నాను తాగనేదు," అన్నాడు.

అలవాటు మీద ఎవరో స్తోత్రం అన్నారు. ఒక్క గొంతే. ఏమి విన్నారో అర్థమయ్యేసరికి అది సగంలో తెగిపోయింది.

"తొమ్మిదేల్లు మీకు అబద్దం సెప్పినాను. తాగిన దినాలు శానా ఉన్నాయి. ఆ దినం మట్టుకు తాగనేదు. పన్లోంచి ఇంటికొచ్చినాను. నీల్లు తాగినాను. చెంబు కడిగినాను. కడిగి, కట్టె తీసినాను. సాతాను నేదు, సారా నేదు. నానే ఉన్నాను." మైకు అతని ఊపిరిని కూడా మైదానమంతా వినిపించింది. "మా ఆడది సెయ్యి సూపించదు. అది మీకు సూపించడానికున్నది కాదు. ఇన్నాల్లూ నోటితో సూపించినాను. అది కూడా కొట్టడమే."

దిగిపోయే ముందు చెప్పే చివరి మాటలు, మారిన మనిషిని అన్న మాటలు, నాలుక మీదే ఉన్నాయి. అవి చెప్పలేక దిగిపోయాడు.

మైదానంలో ఒక విచిత్రం కనిపించింది. వెనక కూర్చున్న తాగుబోతులు మామూలుగానే ఉన్నారు. వారిలో ఒకరిద్దరు నోరు తెరుచుకుని చూస్తున్నారు. తల దించుకున్నవాళ్లు ముందు వరసలవాళ్లు. ఉతికిన చొక్కాలు వేసుకుని, సారా గ్లాసు ముట్టని మనుషులు. ఇన్నేళ్లుగా పోలయ్య సాక్ష్యానికి జాలితో కన్నీరు పెట్టుకున్నవాళ్లు. అంతవరకు ఆ కథ తాగేవాళ్లది. ఇప్పుడు అది ఎటు తిరిగి ఎవరి ముందు కూర్చుందో వాళ్లకు తెలిసింది. ఒకాయన పక్కనున్న కొడుకు చొక్కా బొత్తాం పెట్టసాగాడు. అది పెట్టే ఉంది. ఆడవాళ్ల వైపు ఎవరూ ఏడవలేదు. నూకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేలను చూస్తోంది.

బలరాం పాట ఎత్తాడు. మొదటి చరణం ఆయన ఒక్కడే పాడవలసి వచ్చింది.

*

ఇంటికి వచ్చేసరికి ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. ఛాయను బలరాం భార్య కన్నమ్మగారు తమతో ఉంచుకున్నారు. దారిలో పోలయ్యను ఎవరూ పలకరించలేదు. గురునాథరావు మాత్రం సైకిలు దిగి కొంతదూరం పక్కన నడిచాడు. మలుపు దగ్గర తల ఊపి వెళ్లిపోయాడు.

తేలికపడుతుందని పోలయ్య అనుకున్నాడు. బాప్తిస్మం నాడు తేలికపడింది. ప్రతి బుధవారం సాక్ష్యం చెప్పాక తేలికపడేది. ఈ రోజు అలాంటిదేమీ లేదు. ఒళ్లంతా కొత్త చర్మం వచ్చినట్టు మండుతోంది.

అచ్చమ్మ దీపం వెయ్యలేదు. గడప మీద కూర్చుంది. ఒక కాలు లోపల, ఒక కాలు వీధివైపు. పోలయ్య ఆమెను అలా చూస్తూ ఉండిపోయాడు. ఈ ఇంటికి వచ్చిన నాటినుంచీ, బియ్యం ఏరినా బట్టలు కుట్టినా, అతను ఇంట్లో ఉన్నప్పుడు ఆమె కూర్చునేది అక్కడే. గాలికోసమని అనుకునేవాడు.

"తాగనేదు కదా," అంది అచ్చమ్మ. "మరెందుకు కొట్టినావు?"

ఆ ప్రశ్నను ఆమె ఎప్పుడూ అడగలేదు. ఎవరూ అడగలేదు. జవాబు అందరికీ ముందే తెలిసిన ప్రశ్న గనక, అడగవలసిన పని లేకపోయింది.

పోలయ్య ఆ రోజు పొద్దుటినుంచి మొదలుపెట్టాడు. కాంక్రీటు పని దగ్గర మేస్త్రీ అందరి ముందూ తల్లిపేరు ఎత్తి తిట్టిన సంగతి చెప్పాడు. ఆ మాట పూర్తి కాకుండానే అచ్చమ్మ, "అది నాకు తెలుసు. నలుగుర్ని తిట్టినాడు. మిగతా ముగ్గురూ ఇల్లకెల్లి అన్నం తిని పడుకున్నారు," అంది.

అతను ఆగిపోయాడు. మేస్త్రీ సంగతి తీసేశాడు. ఆకలి అనబోయి దాన్నీ తీసేశాడు. ఎండ, చాకిరీ, ఊరు వదిలిన దిగులు, ఒకదాని తరవాత ఒకటి నోటిదాకా వచ్చాయి. ఒక్కొక్కదాన్నీ తానే గీకి పారేశాడు. చివరకు అడుగున మిగిలినది చాలా చిన్నది. దాన్ని చెప్పడానికి అతను ఆమె మొహం వైపు చూడవలసి వచ్చింది.

"కొడితే ఏటీ అవదని తెలుసు," అన్నాడు. "ఎవులూ అడగరని తెలుసు. అందుకు కొట్టినాను."

వీధిలో ఎవరో సైకిలు మీద హిందీ పాట పాడుకుంటూ పోయారు. క్షమించాననే మాట అచ్చమ్మ నోట రాలేదు. పోలయ్యకు దాన్ని అడగాలనిపించలేదు. ఆమె వీధివైపున్న కాలు నెమ్మదిగా లోపలికి తీసుకుంది. ఆ పక్క నొప్పి పుట్టిందో, మరెందుకో, అతను తెలుసుకోలేకపోయాడు.

"ఇప్పుడు నానడిగినాను," అంది.

"అడిగినావు," అన్నాడు పోలయ్య.